వ్యాయామానికీ ఒక చిట్టా, ఒక ఆవర్జా

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారు తమ రోజువారీ సాధనను ఎలా నమోదు చేసుకుంటున్నారో రాయమని గత సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఇబ్బందిని వేర్వేరు మాటల్లో చెప్పాయి: రాసుకునే అంకెలు రోజురోజుకూ పెరుగుతున్నాయి గాని, రేపు ఏం చేయాలన్నది మాత్రం తేలడం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాం. ఉత్తరాలను క్లుప్తం చేసి, పేర్లు తీసివేశాం.

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు, ఎత్తు 172 సెంటీమీటర్లు. పన్నెండు వారాల్లో శరీరాన్ని మార్చుకోవాలన్న పట్టుదలతో, 96 కిలోల బరువున్నప్పుడు జిమ్‌లో చేరాను. ఫోన్‌లో రెండు యాప్‌లు, చేతికి స్మార్ట్‌వాచ్, అవి చాలవన్నట్టు ఒక ఎక్సెల్ పట్టిక పెట్టుకున్నాను. తిన్నది, తాగిన నీళ్లు, అడుగులు, నిద్ర, గుండె వేగం, ఖర్చయిన కేలరీలు అన్నీ నమోదు చేస్తున్నాను. మొదట్లో వేగంగా తగ్గాను. ఇప్పుడు సోమవారం చూస్తే 91.2 కిలోలు, మరుసటి సోమవారం చూస్తే 91.0. వ్యాయామం పెంచాలా, తిండి తగ్గించాలా? అసలు ఏవి రాసుకోవాలి, ఏవి మానేయాలి? పట్టిక కూడా జత చేస్తున్నాను. – ఒక బ్యాంకు ఉద్యోగి, కాకినాడ

జవాబు: బ్యాంకులో పనిచేసే మీకు చిట్టాకూ ఆవర్జాకూ ఉన్న తేడా చెప్పనక్కరలేదు. ఆ రోజు జరిగిన ప్రతి లావాదేవీ జరిగిన వరుసలోనే చిట్టాలో పడుతుంది. అవే పద్దులు ఖాతాల వారీగా సర్దుకుని నిల్వ ఎంతో తేలేది ఆవర్జాలో. మీరు చిట్టా శ్రద్ధగానే రాస్తున్నారు. ఇబ్బందల్లా అందులోని ఒక్క పద్దును, అంటే సోమవారం నాటి బరువును, నిల్వగా చదవడం వల్ల వచ్చింది.

మీరు పంపిన పట్టికలో మొదటి వారం బరువులు వరుసగా 91.2, 90.9, 91.0, 92.1, 91.6, 91.1, 90.9. రెండో వారానివి 91.0, 90.7, 90.6, 90.9, 91.3, 90.8, 90.5. సోమవారాన్ని సోమవారంతో పోలిస్తే తేడా 200 గ్రాములే. ఏడు రోజుల సగటు తీస్తే మొదటి వారానిది 91.26, రెండో వారానిది 90.83, అంటే దాదాపు 430 గ్రాములు తగ్గారు. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గడాన్ని సాధారణంగా ఆరోగ్యకరమైన వేగంగా పరిగణిస్తారు. మీది అర శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంది కాబట్టి తగ్గుదల ఆగిపోలేదు. ఇక మొదటి గురువారం కనబడే 92.1 పక్కన ‘నిన్న రాత్రి పెళ్లి భోజనం’ అని మీరే రాసుకున్నారు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. ఒక్క పూటలో 1.1 కిలోల కొవ్వు చేరాలంటే అవసరానికి మించి ఎనిమిది వేలకు పైగా కేలరీలు తినాలి. గోదావరి జిల్లాల పెళ్లి విందులో సైతం అది సాధ్యమయ్యే పని కాదు. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, ఇంకా అరగని ఆహారం. మూడు రోజుల్లో దానంతటదే దిగిపోయినట్టు మీ పట్టికే చెబుతోంది.

మొదటి వారాల వేగాన్ని కూడా ఇదే దృష్టితో చూడాలి. తిండి తగ్గించగానే కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండి పదార్థం కరుగుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో దాదాపు మూడు గ్రాముల నీరు పోతుంది. తొలి రెండు వారాల్లో తగ్గిన కిలోల్లో గణనీయమైన భాగం ఈ నీరే. ఆ వేగం పన్నెండు వారాలూ సాగుతుందనుకుని మీరు గీసుకున్న గీత మొదటి నుంచీ తప్పుడు గీత. ప్రకటనల్లో ‘ముందు–తర్వాత’ బొమ్మలు చూపేవారు ఈ మాట చెప్పరు. వెలుతురు, నిలబడిన తీరు, బిగబట్టిన పొట్ట ఆ బొమ్మల్లో ఎంత పనిచేస్తాయో అసలే చెప్పరు.

బరువు చూసేటప్పుడు ఉదయం కాలకృత్యాలు ముగిశాక, ఏమీ తాగకముందు, ఒకే రకమైన దుస్తుల్లో, యంత్రాన్ని చాప మీద కాకుండా గట్టి నేల మీద పెట్టి చూడండి. ఆ అంకెను చిట్టాలో వేసి మరిచిపోండి. ఆదివారం నాడు సగటు తీసి ఆవర్జాలో వేయండి. వరుసగా మూడు వారాల సగటు కదలకుండా, నడుము కొలత కూడా అక్కడే ఆగిపోతే, అప్పుడు తిండి గురించి ఆలోచించవచ్చు. అంతవరకు ఏమీ మార్చవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ పట్టికలో ఇరవైకి పైగా గడులున్నాయి గాని, జిమ్‌లో మీరు చేసిన పని ఏమిటో చెప్పే గడి ఒక్కటే ఉంది; అందులో ప్రతి రోజూ ‘ఛాతీ, చేతులు – 60 ని.’, ‘కాళ్లు – 60 ని.’ అని మాత్రమే ఉంది. అరవై నిమిషాల్లో ఎంత బరువు ఎత్తారు, ఎన్నిసార్లు ఎత్తారు, ఎంత కష్టంగా ఎత్తారు అన్నవి లేకుండా రేపటి వ్యాయామాన్ని నిర్ణయించడం సాధ్యం కాదు. రోజుకో పేజీ ఇలా ఉంటే చాలు (స్క్వాట్ అంటే బరువుతో తీసే బస్కీ, బెంచ్ ప్రెస్ అంటే బల్ల మీద పడుకుని బార్‌ను పైకి నెట్టడం, ల్యాట్ పుల్‌డౌన్ అంటే తల పైనున్న బార్‌ను కిందికి లాగడం; కిలోల తర్వాతి అంకెలు ఒక్కో విడతలో ఎన్నిసార్లు చేశారన్నది):

‘మంగళవారం, సాయంత్రం 6.30. నిద్ర ఐదున్నర గంటలు. స్క్వాట్ 40 కిలోలు: 10, 10, 8; చివర మరో రెండు చేయగలిగేవాణ్ణి. బెంచ్ ప్రెస్ 35 కిలోలు: 9, 8, 7, ఏడోదానికి ట్రైనర్ వేళ్లు ఆనించాడు. ల్యాట్ పుల్‌డౌన్ 40 కిలోలు: 12, 12, 12. ఎడమ భుజం పైకెత్తినప్పుడు పట్టేస్తోంది.’

ఈ నాలుగు పంక్తుల్లోంచి తర్వాతి మంగళవారం మొత్తం తేలుతుంది. ఒక వ్యాయామానికి మూడు సెట్లు, అంటే మూడు విడతలు, సెట్‌కు 8 నుంచి 12 సార్లు అని పరిధి పెట్టుకుంటే, మూడు సెట్లలోనూ 12 పూర్తయిన రోజున బరువు పెంచాలి; పెంచాక మళ్లీ 8 దగ్గర మొదలవుతారు. పై లెక్కన ల్యాట్ పుల్‌డౌన్‌కు బరువు పెంచే సమయం వచ్చింది. అయితే భుజం సంగతి అదే పేజీలో ఉంది కాబట్టి పెంచకుండా అదే బరువుతో ఇంకో వారం ఆగాలి. స్క్వాట్‌లో బరువు మార్చకుండా మూడో సెట్‌ను 8 నుంచి 10కి తీసుకెళ్లాలి. బెంచ్ ప్రెస్‌లో ఏడోది మీ లెక్కలోకి రాదు. ట్రైనర్ వేళ్లు బార్‌కు తగిలాక అది ఇద్దరి శ్రమ. పుస్తకంలో 6 అనే వేయండి. ఈ విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను, ఎందుకంటే ఇలా కలిపి రాసుకున్న అంకెల మీద బరువు పెంచుకుంటూ పోయినవారికే భుజాలు దెబ్బతింటాయి.

పెంచేటప్పుడు బార్‌కు రెండు వైపులా 1.25 కిలోల ప్లేట్లు, అంటే మొత్తం 2.5 కిలోలు, చాలు. చాలా జిమ్‌లలో ఈ చిన్న ప్లేట్లు మూలన పడి ఉంటాయి, లేదా అసలు ఉండవు, అడిగి తెప్పించుకోండి. లెక్క రాసుకుంటూ బరువు కొంచెం కొంచెంగా పెంచే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్లకు తిరిగి బలం తెప్పించడానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్ దీన్ని ఒక క్రమంలో పెట్టి 1945లో ప్రచురించాడు. ఒక బరువును సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగలిగితే, ఆ బరువే అతని కొలబద్ద. వారం వారం ఆ బరువును కొత్తగా నిర్ణయించేవారు. మీ పుస్తకం చేయవలసిన పని కూడా అదే.

కొత్తవారికి మొదటి నెలన్నరలో ఎత్తే బరువు చకచకా పెరుగుతుంది. అది కండ పెరగడం వల్ల కన్నా, ఉన్న కండను నరాలు మెరుగ్గా పనిచేయించడం నేర్చుకోవడం వల్ల ఎక్కువ. ఆ తర్వాత వేగం మందగిస్తుంది. అప్పుడు మీరు మళ్లీ ‘ఆగిపోయింది’ అని ఉత్తరం రాస్తారని ముందే ఊహించి చెబుతున్నాను.

మానేయవలసినవి అడిగారు. గడిలో పడిన అంకె వల్ల రేపు మీరు చేసే పనిలో ఏదైనా మారుతుందా అని ప్రతి గడి దగ్గరా అడగండి. నీళ్ల గ్లాసుల లెక్క తీసేయండి. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు. వాచీ చూపే కేలరీలు తీసేయండి, కారణం కింద డాలస్ పాఠకుడికి ఇచ్చిన జవాబులో ఉంది. నిద్ర ఉంచండి. రెండో యాప్‌ను తొలగించండి. మొదటిదాన్ని కూడా తొలగించి 200 పేజీల రూళ్ల పుస్తకం ఒకటి జిమ్ సంచిలో పెట్టుకుంటే ఇంకా సంతోషం, ఎందుకంటే సెట్‌కూ సెట్‌కూ మధ్య ఫోన్ తీసిన మనిషి రెండు నిమిషాల్లో దాన్ని లోపల పెట్టడం అరుదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయినిని, వయసు 46. జిమ్‌కు వెళ్లే వీలు లేదు. వారంలో ఆరు రోజులు ఉదయం 40 నిమిషాలు నడుస్తాను. మూడు రోజులు ఇంట్లోనే బస్కీలు, గోడకు చేతులు ఆనించి దండీలు తీస్తాను. ఎంత ప్రయత్నించినా రోజుకు 10,000 అడుగులు పూర్తికావు. నెలలో ఒక వారం బరువు కిలోన్నర దాకా పెరుగుతుంది. పండగలో, పరీక్షల డ్యూటీలో వస్తే పుస్తకం ఆగిపోతుంది. మళ్లీ తెరవాలంటే మనసొప్పదు. బరువులే లేని వ్యాయామానికి ఏమని లెక్క రాయాలి? – కరీంనగర్

జవాబు: పదివేల అడుగుల విషయం ముందు తేల్చుకుందాం. ఆ సంఖ్య వైద్య పరిశోధన నుంచి పుట్టలేదు. 1964లో టోక్యో ఒలింపిక్స్ ముగిశాక, ఆ మరుసటి ఏడాది జపాన్‌లో ఒక సంస్థ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును పదివేల అడుగుల పేరుతోనే అమ్మింది; గుండ్రటి అంకె కావడంతో ప్రపంచమంతా పాకింది. సగటు వయసు 72 ఉన్న పదహారు వేల మందికి పైగా అమెరికా మహిళల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 వేసేవారిలో మరణాలు స్పష్టంగా తక్కువగా కనబడ్డాయి. 7,500 దాటాక అదనపు ప్రయోజనం దాదాపు కనబడలేదు. మీ వయసు తక్కువ కాబట్టి అదే అంకెను మీకు అంటగట్టను గాని, 10,000కు చేరని రోజు వృథా అయినట్టు కాదని చెప్పడానికి అది చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దలకు అడుగులు చెప్పలేదు, నిమిషాలు చెప్పాయి: వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. మీరు వారానికి 240 నిమిషాలు నడుస్తున్నారు, మూడు రోజులు బస్కీలు తీస్తున్నారు. రెండు పద్దులూ నిండాయి.

మధ్యస్థ శ్రమ అంటే నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాడగలిగితే ఆ నిమిషాలు లెక్కలో వేయకండి. నడక పుస్తకంలో అడుగులకు బదులు, ఒకే దారిని ఎన్ని నిమిషాల్లో పూర్తిచేశారో వారానికోసారి రాయండి. అదే శ్రమతో ఆ సమయం నెలలో రెండు నిమిషాలు తగ్గితే ఏ వాచీ కన్నా నమ్మదగిన సాక్ష్యం అదే.

బరువుల్లేని వ్యాయామంలో కిలోలకు బదులు రాయవలసింది, ఆసరాగా వాడే వస్తువు ఎంత ఎత్తులో ఉందన్నది. గోడకు ఆనించి తీసే దండీలో మీ శరీర భారం చేతుల మీద చాలా కొద్దిగా పడుతుంది. వంటగట్టుకు ఆనిస్తే మరికొంత, మంచం పట్టెకు ఆనిస్తే ఇంకొంత, నేల మీద అన్నింటికన్నా ఎక్కువగా. కాబట్టి ‘గోడ: 15, 15, 13’ అని రాసుకుంటూ మూడు సెట్లూ 15కు చేరాక గట్టుకు దిగండి, అక్కడ మళ్లీ 8 దగ్గర మొదలవుతారు. బస్కీలకు మొదట కుర్చీ, తర్వాత దానికన్నా ఎత్తు తక్కువైన స్టూలు, తర్వాత ఆసరా లేకుండా, ఆపైన రెండు కిలోల బియ్యం సంచిని గుండెకు హత్తుకుని. పుస్తకంలో ‘కుర్చీ’, ‘స్టూలు’, ‘సంచి’ అన్న మాటలే మీ కిలోలు. మన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు వందల్లో లెక్కపెట్టే అలవాటు ఉండేది. ఓర్పు పెరగడానికి అది మంచిదే. బలం పెరగాలంటే మాత్రం లెక్కను పెంచుకుంటూ పోవడం కన్నా కష్టాన్ని ఒక మెట్టు పెంచడం మేలు.

నెలసరికి ముందు శరీరంలో నీరు నిలవడం వల్ల బరువు పెరుగుతుంది, తర్వాత దిగుతుంది. అందువల్ల మీ విషయంలో ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చకూడదు. ఈ నెలసరి ముగిసిన వారాన్ని గత నెలసరి ముగిసిన వారంతో పోల్చాలి. నలభై ఆరేళ్లకు నెలసరి క్రమం తప్పడం మొదలైతే ఆ పోలిక కూడా నిలవదు కాబట్టి, నెలకొకసారి నడుము కొలతను ప్రధాన ఆధారంగా పెట్టుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. మనవారిలో చాలామంది పావడా నాడా బిగించే చోట కొలుస్తారు. ఏళ్ల తరబడి పడిన నొక్కు వల్ల అక్కడ కొలత తక్కువ చూపుతుంది. భారతీయ స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు పెరిగినట్టు లెక్క.

ఆగిపోయిన పుస్తకం గురించి. కొత్త అలవాటు ఎన్నాళ్లకు స్థిరపడుతుందో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద పరిశీలించి 2010లో ప్రచురించారు. సగటున 66 రోజులు పట్టింది గాని, మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే తీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఖాళీ పేజీల్లో ‘పదో తరగతి పరీక్షల డ్యూటీ’ అని అడ్డంగా ఒక గీత గీసి కింద కొత్త తేదీ వేయండి. గుర్తున్నంత మేరకు వెనకటి రోజులను నింపే పని మాత్రం చేయకండి. రెండు వారాలకు మించి విరామం వస్తే, మొదటి వారం ఒక్కో వ్యాయామానికి ఒక సెట్ తగ్గించి మొదలుపెట్టండి. లేకపోతే కండరాల నొప్పి రెండో రోజుకూ మూడో రోజుకూ బాగా పెరిగి, మళ్లీ మానేయడానికి మంచి సాకు దొరుకుతుంది.

ప్రశ్న: నా బరువు 80 కిలోలు. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే వాచీ 450 కేలరీలు ఖర్చయ్యాయని చూపుతోంది. అంత మేరకు అదనంగా తినవచ్చా? – డాలస్, అమెరికా

జవాబు: తినకూడదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఏడు రకాల చేతి పరికరాలను 60 మంది మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. గుండె వేగాన్ని ఏడింటిలో ఆరు పరికరాలు ఐదు శాతం తేడాలోపే పట్టుకున్నాయి. కేలరీల విషయంలో అన్నింటికన్నా మెరుగైన పరికరం కూడా సగటున 27 శాతం తప్పింది. ఆ తర్వాత పరికరాలు మారాయి గాని, మణికట్టు దగ్గరి కదలికను బట్టి, నాడిని బట్టి ఊహించే పద్ధతికి ఉన్న హద్దు అలాగే ఉంది.

మీరే లెక్క వేసుకోవచ్చు. ఊరికే కూర్చున్నా కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. మీరు చెప్పిన వేగంతో నడిస్తే దానికి మూడున్నర రెట్లు. 80 కిలోలకు గంటకు 280. అందులో కూర్చున్నా ఖర్చయ్యే 80 తీసేస్తే, నడక వల్ల అదనంగా ఖర్చయినవి 200. ఐదు చిన్న చెంచాల నూనెతో అవి తిరిగి వచ్చేస్తాయి. వాచీని గుండె వేగానికి, సమయానికి వాడుకోండి. భోజనానికి దాన్ని సలహా అడగకండి.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఏడాదిగా పూటకొక నోట్‌బుక్ రాస్తూ రెండు పూటలా జిమ్‌కు వెళ్తున్నాడు. ఒక్క పూట మానితే ఆ రోజు అన్నం మానేస్తాడు. తూకం వేయని తిండి ముట్టడు, అందుకే శుభకార్యాలకు రావడం మానేశాడు. నిద్ర తగ్గింది, చికాకు పెరిగింది. జిమ్‌లో కొన్న పౌడర్ డబ్బా మీద సరైన లేబుల్ కూడా లేదు. చెడు తిరుగుళ్ల కన్నా ఇది నయం కదా అని మావారు అంటున్నారు. – విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఆందోళన సరైనదే. సాధనను రాసుకోవడం మనిషికి సాయపడాలి. మానిన పూటకు అన్నం మానేయడమంటే ఆ పుస్తకం శిక్ష వేసే స్థాయికి వచ్చిందన్నమాట. క్రమశిక్షణకూ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం కాదు: విశ్రాంతి రోజును అతను ప్రణాళికలో భాగంగా రాసుకోగలుగుతున్నాడా, లేక తప్పు చేసినట్టు బాధపడుతున్నాడా చూడండి.

నోట్‌బుక్ లాక్కోవద్దు, దాంతో అతను దాచి రాయడం మొదలుపెడతాడు. దానికి బదులు, ఎత్తిన బరువులు ఈ మూడు నెలల్లో పెరిగాయా తగ్గాయా అని మాటల్లో అడగండి. ఇంత శ్రమ చేసి, ఇంత తక్కువ తిని, నిద్రలేకుండా ఉన్న శరీరంలో బలం సాధారణంగా తగ్గుతుంది; ఉదయం నిద్ర లేవగానే చూసే నాడి మునుపటికన్నా పెరిగి ఉండవచ్చు. అతను అంకెలను నమ్ముతాడు కాబట్టి, విశ్రాంతి అవసరమని చెప్పే పని ఆ అంకెలకే వదిలేయడం మంచిది. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి, ఆ రోజు పేజీలో ‘విశ్రాంతి’ అన్న ఒక్క మాట. దీనికి ఒప్పుకుంటే సగం పని అయినట్టే.

లేబుల్ సరిగా లేని పౌడర్‌ను వెంటనే ఆపించండి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఇచ్చే లైసెన్స్ సంఖ్య, తయారీదారు చిరునామా, పదార్థాల జాబితా లేని డబ్బాలో ఏముందో అమ్మినవాడికి కూడా తెలియకపోవచ్చు. కండ పెంచే ఇంజెక్షన్ల ప్రస్తావన ఎప్పుడైనా వస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. విపరీతంగా కసరత్తు చేసిన మరునాడు కండరాలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే అది కండర కణాలు చెదిరి మూత్రపిండాల మీద పడుతున్న సంకేతం కావచ్చు; గంటల్లో ఆసుపత్రికి చేరాలి. ఇవేవీ లేకపోయినా తిండి, నిద్ర, చికాకుల విషయంలో మాటలతో మార్పు రాకపోతే మానసిక వైద్యుడిని కలవడానికి వెనకాడకండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీవారితో ఒక మాట చెప్పండి: చెడు తిరుగుళ్లు లేకపోవడం ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు.

ప్రశ్న: వయసు 66, ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాను. రక్తపోటుకు మెటోప్రొలోల్, షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. వచ్చే బ్రహ్మోత్సవాల నాటికి అలిపిరి మెట్ల దారిలో కొండ ఎక్కాలని కోరిక. మా అపార్ట్‌మెంటు నాలుగంతస్తులు. ఎంత వేగంగా నడిచినా వాచీలో గుండె వేగం 105 దాటడం లేదు. నా వయసుకు 130 దాకా రావాలని పక్కింటి కుర్రాడు అంటున్నాడు. రోజూ ఏం రాసుకోవాలి? – నెల్లూరు

జవాబు: పక్కింటి కుర్రాడి లెక్క మీకు వర్తించదు. 220లోంచి వయసు తీసేసే సూత్రం సగటు మనిషికే స్థూలమైన అంచనా. మెటోప్రొలోల్, అటెనొలోల్ వంటి మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు, వాటి పనే అది. 130 చూడాలని వేగం పెంచారంటే ప్రమాదం. వాచీ విప్పి జేబులో పెట్టుకుని, ఎంత శ్రమగా అనిపించిందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె రాయండి. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960లలో రూపొందించిన శ్రమ కొలమానానికి ఇది సులభమైన రూపం; గుండె జబ్బుల పునరావాస కేంద్రాల్లో కూడా వాడతారు. మెట్లు ఎక్కేటప్పుడు మీకు మూడు, నాలుగు మధ్యన ఉండాలి. ఐదు దాటితే ఆగాలి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు గుండె వైద్యుడిని కలిసి, అలిపిరి ఎక్కాలన్న సంగతి స్పష్టంగా చెప్పి, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. ఈ సలహాను దాటవేసి మిగతాది పాటించవద్దు.

మీ పుస్తకంలో నాలుగు గడులు చాలు: ఎక్కిన అంతస్తులు, శ్రమ అంకె, వ్యాయామానికి ముందూ తర్వాతా షుగర్, పాదాల పరిస్థితి. గ్లిమెపిరైడ్ వాడేవారికి శ్రమ వల్ల షుగర్ మరీ పడిపోవచ్చు. 70 కన్నా తగ్గినా, చెమటలు పట్టి వణుకు వచ్చినా వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి తీసుకుని కూర్చోవాలి. ఆ పొడి పొట్లం ఎప్పుడూ జేబులో ఉండాలి. అయితే ఈ మందుల జంటలో ఒక మెలిక ఉంది: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండె దడ, వణుకు అనే హెచ్చరికలను మెటోప్రొలోల్ కప్పిపెడుతుంది. చెమట మాత్రం పడుతుంది. అందుకే మీ విషయంలో అనిపించినదాని మీద కాక, మీటరు మీద ఆధారపడండి. ప్రతి సాయంత్రం అరికాళ్లు అద్దంలో చూసుకుని, బొబ్బ ఉంటే రాయండి. అది తగ్గేవరకు మెట్లు వద్దు.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. అపార్ట్‌మెంటులో అంతస్తుకు ఇరవై మెట్లనుకుంటే దాదాపు 178 అంతస్తులు. అంకె చూసి బెదరకండి, దారంతా ఒకే తీరుగా ఉండదు. గాలిగోపురం దాకా నిలువుగా ఎక్కాక చాలా దూరం సాఫీగా సాగి, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారుగా లేస్తుంది. అందువల్ల వరుసగా ఎక్కగల అంతస్తులనే రాయండి. మొదటి వారం నాలుగంతస్తులు ఒక్కసారి, రోజు విడిచి రోజు. శ్రమ అంకె మూడు దాటకపోతే తర్వాతి వారం రెండుసార్లు, ప్రతిసారీ లిఫ్టులో దిగుతూ. ఒక వారం అంకె ఐదుకు వస్తే మరుసటి వారం పెంచవద్దు. వీటితోపాటు వారానికోసారి, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టి వేయండి. తొడల బలం పెరుగుతోందో లేదో దాంట్లో తెలిసిపోతుంది. అరవై అయిదు దాటినవారికి వారంలో మూడు రోజులు తూకం నిలుపుకునే వ్యాయామం కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు ఉండగలరో రాయండి.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం – వీటిలో ఏది వచ్చినా ఆ క్షణమే కూర్చుని 108కి ఫోన్ చేయించండి. కొండ ఎక్కే రోజు చల్లటి వేళలో బయలుదేరి, తోడుగా ఒకరిని తీసుకెళ్లి, గాలిగోపురం దగ్గర షుగర్ చూసుకోండి. ఎక్కడంలో ఆయాసపడేది గుండె, దిగడంలో దెబ్బతినేవి మోకాళ్లు. దిగేటప్పుడు మీ ఆర్టీసీ బస్సే ఎక్కండి.